అమలాపురంలో పది వేల అంకెల ఫ్లెక్సీ: ఒక ముద్రణ దుకాణంపై సమీక్ష

కోనసీమలో పుట్టినరోజులు, తీర్థాలు, నాయకుల పర్యటనలు ఉన్నంతకాలం ఫ్లెక్సీ దుకాణాలకు పనికి లోటుండదు. అటువంటి పనులతోనే తీరిక లేని అమలాపురంలోని ఒక దుకాణానికి, మా ఉన్నత పాఠశాల గణిత గది కోసం, π (పై, అంటే వృత్త పరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే 3.14159... అనే సంఖ్య) విలువలో దశాంశ బిందువు తరువాత వచ్చే మొదటి 10,000 అంకెలను ముద్రించే పని అప్పగించాము. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియంలో 1988లో మొదలైన మార్చి 14 (3/14) π వేడుకను, యునెస్కో 2019లో అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజుకే ఇది గోడకెక్కాలని అనుకున్నాము.

అమరిక విషయంలో దుకాణం వారిని మెచ్చుకోవాలి. ఆరడుగుల చదరంలో వరుసకు 100 అంకెల చొప్పున 100 వరుసలు పేర్చి, ప్రతి వరుసకు ఎడమ అంచున సంఖ్య వేశారు. అన్ని అంకెలకూ ఒకే వెడల్పు ఉండే అక్షరాలను ఎంచుకోవడం వల్ల నిలువు గీతలు కూడా చెదరలేదు. అందువల్లనే పిల్లలు ఏ స్థానాన్నయినా వేలు పెట్టి చూపగలుగుతున్నారు. సున్న మొదటిసారి కనిపించేది మొదటి వరుస 32వ గడిలో. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ పేరుతో పిలిచే ఆరు తొమ్మిదుల వరుస మొదలయ్యేది 762వ స్థానంలో, అంటే ఎనిమిదవ వరుస 62వ గడిలో.

అయితే వాట్సాప్‌లో పంపిన ప్రూఫులో ఆ తొమ్మిదులు 63వ గడిలో మొదలయ్యాయి. బిందువుకు ముందున్న 3ను కూడా మొదటి గడిలో చేర్చడంతో మొత్తం ఒక గడి జరిగిపోయింది. "ఒక్క గడి జరిగితే ఎవరు చూస్తారండీ మాస్టారూ?" అని డిజైన్ చేసే అబ్బాయి అడిగాడు. ఇంగ్లాండుకు చెందిన విలియం షాంక్స్ 1873లో చేతితో లెక్కకట్టి ప్రకటించిన 707 π అంకెలలో 528వది మొదలు తప్పని ఏడు దశాబ్దాల పాటు ఎవరూ గుర్తించలేదు. ఈలోగా 1937లో పారిస్‌లోని ఒక విజ్ఞాన ప్రదర్శనశాల ఆ అంకెలనే పెద్ద చెక్క అక్షరాలతో గది పైభాగాన అమర్చి, 1949లో సరిచేసుకోవలసి వచ్చింది. ఈ సంగతి చెప్పాక అతడు మారుమాట లేకుండా, అదనంగా పైసా అడగకుండా సవరించాడు.

నాకు నచ్చనిది వారు సొంతంగా అడుగున చేర్చిన నినాదం: "మీ పుట్టినరోజు ఇందులోనే ఉంది, వెతకండి!" రోజు, నెల, సంవత్సరం కలిపి ఆరంకెలుగా రాస్తే, 10,000 అంకెలలో అది దొరికే అవకాశం సుమారు నూటికి ఒకటి మాత్రమే. రోజు, నెల మాత్రమే తీసుకొని నాలుగంకెలతో వెతికితే అది నూటికి 63 వరకు పెరుగుతుంది. π అంకెలు చిట్టీలు తీసినట్లు వస్తాయని అనుకొని వేసిన లెక్క ఇది. ఆ అనుకోలుకు రుజువు ఇంతవరకు లేదు గానీ, మొదటి పది లక్షల అంకెలలో అతి తక్కువగా వచ్చిన 6 కూడా 99,548 సార్లు, అతి ఎక్కువగా వచ్చిన 5 అయితే 1,00,359 సార్లు కనిపిస్తాయి. పిల్లలను ఊరించి నిరాశపరచడం ఎందుకని, నినాదాన్ని "రోజు, నెల వెతకండి" అని మార్పించాము.

ముద్రణ స్పష్టంగానే ఉంది. మెరిసే ఫ్లెక్సీ కావడంతో ట్యూబ్‌లైట్ కింద పై వరుసలు తళుక్కుమని కళ్లకు అడ్డుపడుతున్నాయి. ఇటువంటి పనికి మెరుపు లేని రకమే అడగడం మేలు. కాలువ గట్టు పక్కన ఉన్న మా గోడకు వానాకాలం చెమ్మ తప్పదు కనుక, అంచుల రింగులు తుప్పు పట్టనివి వేయమని ముందే చెప్పాలి. ఆర్డరు ఇచ్చేవారు అంకెలను ఫైలుగానే ఇచ్చి, ముద్రణకు ముందు ఎనిమిదవ వరుస 62వ గడిని తప్పక చూసుకోవాలి.