ఇకాలుయిట్ వెళ్తే లాడ్జిలో నీళ్ల సంగతి ముందే అడగండి

రాత్రికి 295 డాలర్లు పోసి తీసుకున్న గదిలో చేతులు కడుక్కోవడానికి చుక్క నీళ్లు లేవు. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతానికి రాజధాని ఇకాలుయిట్. లోపలి నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి చాలా ఇళ్లకు లారీ వచ్చి ట్యాంకు నింపాల్సిందే. మేం దిగేసరికి మా లాడ్జి ట్యాంకు ఖాళీ. లారీ మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. అద్దెలో కొంతైనా తగ్గించమంటే "ఇక్కడింతే" అన్నాడు యజమాని. పైగా "ఈ ఊళ్లో చూడ్డానికేముంది, రెండు గంటల్లో అయిపోతుంది" అని సలహా ఒకటి! నీళ్లకంటే ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. మా ఆయన కెనడా రాజధాని ఒట్టావాకి వెళ్లే ఫ్లైటు ముందుకు జరుపుదామని ఫోను పట్టుకు కూర్చున్నారు. స్నానం లేదని అత్తయ్యగారు కాఫీ కూడా ముట్టలేదు.

ఆ పొద్దున్నే ఒక ఇన్యూట్ (ఇక్కడి మూలవాసులు) పెద్దావిడ ఇంట్లో కుల్లిక్ దీపం వెలిగించడం చూడ్డానికి వెళ్లాం, మనిషికి 60 డాలర్లు. అర్ధచంద్రాకారంలో తొలిచిన బలపపు రాయి, అందులో సీలు అనే సముద్ర జంతువు కొవ్వు నూనె. నాచులో ఆర్కిటిక్ పత్తి కలిపి నలిపి, అంచు పొడుగునా ఒత్తిలా పేర్చి వెలిగించారు. మంట లేస్తే పొగ కమ్ముతుంది, తగ్గితే ఆరుతుంది. పుల్లతో సర్దుతూనే ఉండాలి. ఇగ్లూలో వెలుగు, వెచ్చదనం, మంచు కరిగించి తాగే నీళ్లు, తడి బట్టలు ఆరడం, అన్నీ ఆ ఒక్క దీపం మీదే నడిచేవట. అత్తయ్యగారు పుల్ల అడిగి తీసుకుని తనే ఒత్తి ఎగదోశారు. పెద్దావిడ నవ్వి పక్కన చోటిచ్చారు.

ఆవిడ తండ్రికి ప్రభుత్వం పేరుకు బదులు నంబరు ఇచ్చిందట. 1941 నుంచి ఇన్యూట్ అందరికీ నంబరు బిళ్లలు పంచారు, మెడలో వేసుకోమన్నారు. 1950, 60 దశకాల్లో పోలీసులు వీళ్ల మంచుబండ్లు లాగే స్లెడ్జి కుక్కల్ని కాల్చి చంపారు. కుక్కలు పోతే వేట లేదు, తిండి లేదు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2019లో, ఈ ఊళ్లోనే. ఇంత జరిగిన ఊళ్లో చూడ్డానికేమీ లేదంటాడా ఆ మనిషి!

శాసనసభ తప్పక చూడండి, టికెట్ లేదు. అక్కడి రాజదండం నార్వాల్ అనే తిమింగలం దంతంతో చేసింది. నునావుట్ 1999లో ఏర్పడ్డాక వచ్చిన సభ అది, సభ్యుల్లో ఎక్కువమంది ఇన్యూట్‌లే. సరుకులు మాత్రం ఒట్టావా నుంచే తెచ్చుకోండి. రోడ్డు లేని ఊరు, కూరగాయల ధరలు చూస్తే గుండె ఆగుతుంది. హోటళ్లలో భోంచేస్తుంటే శిల్పులే బొమ్మలు పట్టుకొస్తారు. మేం రాతితో చెక్కిన సీలు బొమ్మ 80 డాలర్లకు తీసుకున్నాం. బేరమాడకండి, అడుగున శిల్పి సంతకం ఉందో లేదో మాత్రం చూసుకోండి.