పప్పుజాతి పంటలకు తెగులొస్తే: పిచికారీ, విత్తనశుద్ధి, తట్టుకునే రకం... ఏది మేలు?

కంది చేలో మొక్కలు అక్కడక్కడా వాడుతుంటే వెంటనే స్ప్రేయర్ భుజానికెత్తుకోకండి. ముందు కత్తి తీసుకుని, వాడిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర నిలువునా చీల్చి చూడండి. లోపల ముదురు గోధుమ, నలుపు చారలు, బయట కింది నుంచి పైకి పాకిన ఊదా పట్టీ ఉంటే అది ఎండు తెగులు. ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం వేరులోంచి ఎక్కి, నీరు పైకి పోయే గొట్టాలను పూడ్చేస్తుంది. నేలలో పదునున్నా మొక్క ఎండేది అందుకే. ఆకుల మీద ఎంత మందు కొట్టినా వృథాయే.

మినుము, పెసరలో పల్లాకు తెగులూ అంతే. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. శిలీంధ్రనాశిని దాన్నేమీ చేయలేదు. ఆకుల్లో పసుపు మచ్చలు కనపడగానే ఆ మొక్కల్ని పీకేసి, తెల్లదోమ మీద దృష్టి పెట్టాలి.

పిచికారీ నిజంగా అక్కరకొచ్చేది వేరుశనగ తిక్క ఆకుమచ్చకు. మచ్చలు ఇంకా కింది ఆకుల మీదే ఉండగా టెబుకొనజోల్ అనే శిలీంధ్రనాశిని కొడితే పంట దక్కుతుంది. ఆకులు రాలాక కొడితే ఆలస్యమే.

విత్తనశుద్ధికి ఖర్చు తక్కువ, మొలక దశలో రక్ష ఎక్కువ. కిలో విత్తనానికి తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాను 10 గ్రాములు పట్టిస్తే చాలు. కానీ అదే విత్తనానికి కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని కూడా కలిపితే, మనం వేసిన మేలు శిలీంధ్రాన్ని మనమే చంపుకున్నట్టు. ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతోంది.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు తట్టుకునే రకానికే. 1993లో విడుదలైన కంది రకం 'ఆశ' ఎండు తెగులునూ, గొడ్డుమోతు తెగులునూ తట్టుకునేలా రూపొందింది. గొడ్డుమోతు పట్టిన కంది పచ్చగా, గుబురుగానే ఉంటుంది, పూత మాత్రం రాదు. నల్లి ద్వారా వ్యాపించే వైరస్ అది. పూత రావాల్సిన రోజుల్లో చూసుకునేసరికి ఏ మందూ పనిచేయదు. అయితే ఒకచోట నిలబడ్డ రకం, వైరస్ రూపం మారిన ఇంకోచోట లొంగిపోవచ్చు. అందుకే మీ నేలలో నిలబడ్డ రకమేదో పక్క చేలవాళ్లను అడిగి చూడండి.

ఎండు తెగులు బాగా ముదిరిన చేనైతే తట్టుకునే విత్తనమున్నా మూడేళ్లపాటు కందికి విరామమిచ్చి జొన్న వేయండి. పాత మోళ్లను ఏరి కాల్చేయండి, శిలీంధ్రం తలదాచుకునేది వాటిలోనే.