స్విచ్‌ల యాక్సెస్‌కి టాకాక్స్ ప్లస్: కొన్నేళ్లు వాడాక నా మాట

స్విచ్‌ల మీద ఎవరికి ఎంతవరకు యాక్సెస్ ఇవ్వాలన్న దగ్గర, లాగిన్లనీ అనుమతుల్నీ ఒక సర్వర్ నుంచి చూసుకునే టాకాక్స్ ప్లస్‌లో నన్ను కట్టిపడేసింది ఒక్కటే, కమాండ్ ఆథరైజేషన్. లాగిన్ వరకైతే అలాంటిదే ఇంకో పద్ధతి, రేడియస్ చాలు. కానీ ఎంటర్ కొట్టిన ప్రతి లైనూ సర్వర్‌ని అడిగి, అది సరేనంటేనే నడవడం రేడియస్‌తో అయ్యే పని కాదు.

అంతకుముందు మాదంతా స్విచ్‌లోనే ఉండే ప్రివిలేజ్ లెవెల్స్ (అనుమతి మెట్లు) మీద నడిచేది. 0 నుంచి 15 దాకా ఉన్నా, మధ్యలో 2 నుంచి 14 వరకు మనమే కట్టుకోవాలి. షిఫ్ట్ వాళ్ల కోసం 5వ లెవెల్ కట్టి పోర్ట్ షట్ (ఆపడం), నో షట్ (తెరవడం), వీల్యాన్ (స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్) మార్చడం ఇచ్చాం. తర్వాత పని పెరిగి, చాలా వీల్యాన్‌లని ఒకే పోర్ట్ మీద మోసే ట్రంక్ కమాండ్ కూడా ఇవ్వాల్సి వచ్చింది. చిక్కంతా అక్కడే. పోర్ట్ సెట్టింగుల్లోకి వెళ్లే ఇంటర్‌ఫేస్ కమాండ్ ఇస్తే పెట్టెలో ఉన్న అన్ని పోర్టులూ ఇచ్చినట్టే. యూజర్ పోర్ట్ ముట్టుకో, మిగతా నెట్‌వర్క్‌కి కలిపే అప్‌లింక్ జోలికి పోకు అని లెవెల్స్‌లో చెప్పే దారే లేదు. పైగా నడుస్తున్న కాన్ఫిగ్ చూపించే షో రన్ కొడితే ఆ లెవెల్‌కి మార్చే హక్కున్న లైన్లే కనబడతాయి.

ఒక రాత్రి ఒక సైట్‌లో కెమెరాలకి కొత్త వీల్యాన్ కావాలన్నారు. షిఫ్ట్‌లో ఉన్న అబ్బాయి అప్‌లింక్‌లోకి వెళ్లి 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 40' కొట్టాడు. 'వీల్యాన్' తర్వాత 'యాడ్' పడలేదు. ఆ ఒక్క మాట లేకపోతే స్విచ్ పాత జాబితాకి 40ని కలపదు, పాతదంతా తీసేసి 40 ఒక్కటే ఉంచుతుంది. స్విచ్‌లోకి లాగిన్ అయ్యే దారైన మేనేజ్‌మెంట్ వీల్యాన్ కూడా పోయింది కాబట్టి అతని ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి చేసే లాగిన్) అక్కడికక్కడే బిగుసుకుపోయింది. ఇక ఇక్కడినుంచి చేసేదేమీ లేదు. అటు సెక్యూరిటీ గార్డుని నిద్రలేపి, ర్యాక్ గది తాళం వెతికించి, స్విచ్ పవర్ తీసి పెట్టించాం. సేవ్ చేసేలోపే సెషన్ పోవడంతో పాత కాన్ఫిగ్ తిరిగొచ్చింది, బతికిపోయాం. ఆ అబ్బాయిని అనడానికేం లేదు. నిద్రమత్తులో ఎవరి చేతినుంచైనా జారే మాటే అది.

టాకాక్స్ సర్వర్‌లో ఆ గ్రూప్‌కి రాసుకున్న రూలు చిన్నదే: స్విచ్‌పోర్ట్ కింద 'యాక్సెస్ వీల్యాన్' ఒప్పుకో, 'ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్' ఒప్పుకో, మిగతాది వద్దను. తర్వాత చాలా రోజులకి ఇంకో సైట్‌లో, ఇంకో అబ్బాయి అచ్చం అదే లైను కొట్టాడు. అదీ పూర్తిగా కాదు, 'ఎస్‌డబ్ల్యూ టీఆర్ ఆల్' అంటూ పొట్టిగా. స్క్రీన్ మీద 'కమాండ్ ఆథరైజేషన్ ఫెయిల్డ్' అని వచ్చింది. 'అన్నా, యాక్సెస్ పోయినట్టుంది' అని నాకు ఫోన్ చేశాడు. లాగ్ తీసి చూస్తే అతను కొట్టిన పొట్టి లైను అందులో నిండుగా, విడివిడి మాటలుగా ఉంది. సర్వర్‌కి పంపే ముందే స్విచ్ దాన్ని పూర్తి రూపంలోకి మారుస్తుంది, అందుకే నా రూలుకి దొరికింది. సైట్‌లో ఒక్క ఫోన్ కూడా ఆగలేదు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

అలాగని అంతా సాఫీ కాదు. సెట్టింగ్‌ని రద్దు చేసే 'నో' వేరే కమాండ్‌గా వెళ్తుంది, దానికి విడిగా రూలు రాయాలి. ఒకేసారి చాలా పోర్టులు పట్టే 'ఇంటర్‌ఫేస్ రేంజ్' వదిలేస్తే, ఫలానా పోర్టుల్లోకి వెళ్లొద్దని రాసే రూలు పక్కనుంచి జారిపోతుంది. అసలు టెన్షన్ మాత్రం సర్వర్ అందనప్పుడే. డిఫాల్ట్ టైమౌట్ 5 సెకన్లు, లైను లైనుకీ ఆగుతుంది. ఆ సమయానికి 'ఇఫ్ ఆథెంటికేటెడ్' అనే సెట్టింగ్ పెట్టి ఉంటే లాగిన్ అయిన వాడికి అడ్డే ఉండదు. ఏమీ పెట్టకపోతే మనకే తలుపు మూసుకుంటుంది. డిఫాల్ట్‌గా స్విచ్ మీదుండే కన్సోల్ పోర్ట్‌కి ఈ ఆథరైజేషన్ వర్తించదు కాబట్టి, కేబుల్ పట్టుకుని వెళ్లే దారి ఒకటి మిగులుతుంది. మేం రెండు సర్వర్లు పెట్టుకున్నాం.

ఇది షిఫ్ట్ వాళ్ల చెయ్యి జారకుండా చూస్తుంది, దొంగని ఆపదు. 2023 అక్టోబర్‌లో బయటపడిన సిస్కో సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఎక్స్‌ఈలోని వెబ్ యూఐ (బ్రౌజర్ పేజీ) లోపంతో దాడి చేసినవాళ్లు నేరుగా 15 లెవెల్ లోకల్ అకౌంటే సృష్టించుకున్నారు. 2020లో వచ్చిన ప్రోటోకాల్ వివరణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8907 కూడా టాకాక్స్ ప్లస్ ప్యాకెట్లలో జరిగేది గట్టి ఎన్‌క్రిప్షన్ కాదని, పైపైన కప్పడమేనని ఒప్పుకుంటుంది. అందుకే మాది మేనేజ్‌మెంట్ వీల్యాన్ దాటి బయటకి రాదు.

షిఫ్టులు మారుతూ, కొత్త పిల్లలు వస్తూ పోతూ ఉండే మా చోట దీన్ని వదులుకోను. ఐదారు స్విచ్‌లు, ఇద్దరు మనుషులు ఉన్నచోట ఎవరికి ఏ కమాండ్లో స్విచ్‌లోనే కట్టుకునే పార్సర్ వ్యూలు సరిపోవచ్చు. మేం వాడేది లినక్స్ మీద నడిచే ఉచిత టాకాక్స్ సర్వర్, ట్యాక్ ప్లస్. దానికి డబ్బు ఖర్చు లేదు గానీ ఆ రూల్స్ ఫైల్ చదివి మార్చగలిగేవాళ్లు ఇద్దరైనా కావాలి. ఒక్కరే ఉంటే మాత్రం నేనైతే మొదలుపెట్టను.