దెయ్యం నిజమా, మనిషి పనా? పాతకాలపు మిస్టరీకి రెండు దారులు

చివరికి మనిషి పనే అని తేల్చే నవలలో చిక్కుముడి ఆ కాలపు వస్తువులతోనే విడిపోవాలి. కథ 1820 నాటి ఇంగ్లండులో జరిగితే శవంలో ఆర్సెనిక్ అనే విషాన్ని నమ్మకంగా నిరూపించలేరు. దాన్ని పట్టిచ్చే మార్ష్ పరీక్ష వచ్చింది 1836లో. గీస్తే వెలిగే అగ్గిపుల్ల అమ్మకానికి వచ్చింది 1827లో. అంటే దీపం ఆరితే చీకట్లో తడుముకుంటూ చెకుముకి కొట్టి, రవ్వను మాడ్చిన గుడ్డపీలికలో పట్టి, ఊది రాజేయాలి. ఆ కాసేపట్లో హంతకుడు గది దాటేస్తాడు. ఎంత చక్కటి సందు!

దెయ్యం నిజమే అయితే, దానికి ఏది చేతకాదో మొదటి మూడోవంతులోనే చూపించాలి. గడప దాటలేనిది చివర్లో దాటిందంటే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. హంతకుడి పేరు దెయ్యమే చెప్పేస్తే ఇక పరిశోధనకు పనేముంది? అందుకే మొదటి నవలకు మొదటి దారే మేలు.