‘రాజు వచ్చింది’: తొమ్మిదేళ్లుగా నాతో ఉన్న కథలు

తొమ్మిదేళ్ల క్రితం, ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిలోనే ఉండే ఒడియా ఉపాధ్యాయురాలు ఒకరు ‘హర్ స్మోక్ రోజ్ అప్ ఫరెవర్’ అనే ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ కథల సంపుటిని నా చేతిలో పెట్టి, దాని రచయిత జేమ్స్ టిప్ట్రీ జూనియర్ గురించి చాలాసేపు ఒడియాలో చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేయడం, తరువాత కొంతకాలం అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ.లో ఉద్యోగం, ఆపైన మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్, యాభై దాటిన వయసులో కథలు ప్రచురించడం మొదలుపెట్టడం, ఇవన్నీ వింటూ నేను ఒక మగమనిషి ముఖాన్ని ఊహించుకున్నాను. ఆమె ఎక్కడా నన్ను తప్పుదారి పట్టించలేదు. ఒడియాలో ‘సే’ అంటే అతడూ అవుతుంది, ఆమె కూడా అవుతుంది. ‘సే ఆసిలే’ అంటే వచ్చినది ఎవరో క్రియ చెప్పదు. మొదటి రెండు కథలు చదివి, ఆ తరువాత ముందుమాట తిరగేసినప్పుడే టిప్ట్రీ అన్నది కలం పేరనీ, అసలు రచయిత్రి ఆలిస్ షెల్డన్ అనీ తెలిసింది. అమెరికాలో తోటి రచయితలకే ఈ సంగతి చాలాకాలం తెలియదు. 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ ఆమె ఇంకొక కథల సంపుటికి ముందుమాట రాస్తూ, ఈ రచనలో తప్పించుకోలేని మగతనమేదో ఉందన్న అర్థంలో రాశారు. రెండేళ్లు తిరిగేసరికి నిజం బయటపడింది. కథలు చదవకముందే ఆ కథలు చెప్పేది నాకు అనుభవంలోకి వచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది: ఎదుటి మనిషి ఆడా మగా అన్నది మనం చూసి తెలుసుకోము, ముందే నింపేసుకుంటాము.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. మా గజపతి జిల్లాలో పెరిగిన తెలుగువాళ్లలో చాలామందికి ఇది మామూలు సంగతి. ఈ కథలను మూడుసార్లు పూర్తిగా చదివి, కొన్నింటిని నా కోసమే తెలుగు చేసుకుంటున్నప్పుడు మాత్రం ఆ మూడు భాషల మధ్య నిలబడడం ఎంత ఉపయోగమో తెలిసింది. వ్యాకరణం విషయంలో మన తెలుగు మొహమాటం లేని భాష. అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, దూడ వచ్చింది, వాన వచ్చింది. ఏకవచనంలో మగవాడు ఒక వైపు, మిగిలిన లోకమంతా ఇంకొక వైపు. గౌరవం చేర్చితే ‘వచ్చారు’ అవుతుంది గాని, ఆ గౌరవం ఎవరికి దక్కుతుందన్నది ఇల్లు నిర్ణయిస్తుంది. మా వారు ఇంటికి వస్తే నేను ‘వచ్చారు’ అంటాను; నేను వస్తే మా అత్తగారు ‘అది వచ్చింది’ అంటారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ మాట్లాడేది మనందరి తెలుగే. బహువచనంలోకి వెళ్లగానే లెక్క మారిపోతుంది: ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే ‘వచ్చారు’, రెండు దూడలు కలిస్తే ‘వచ్చాయి’. ఒంటరి స్త్రీ వస్తువుల వరుసలో ఉంటుంది, ఇద్దరు కలిస్తే మనుషుల వరుసలోకి వస్తారు.

దీన్ని మనసులో ఉంచుకుని ‘ద విమెన్ మెన్ డోంట్ సీ’ చదవాలి. 1973లో వచ్చిన ఈ కథ సంపుటికి గుండెకాయ అని నా అభిప్రాయం. చెప్పేవాడు ఫెంటన్ అనే నడివయసు అమెరికన్. మెక్సికోలోని యుకటాన్ తీరంలో చిన్న విమానం కూలిపోతే, అతనూ, పైలటూ, రూత్ పార్సన్స్ అనే స్త్రీ, ఆమె కూతురూ మడ అడవుల మధ్య చిక్కుకుంటారు. కథ మొదటి పేరాలోనే ఆ తల్లీకూతుళ్లు ఫెంటన్ కళ్లకు ఒక జంట మసకగా కనిపిస్తారు, ముఖాలుగా కనిపించరు. అతను చెడ్డవాడు కాదు. సాయం చేస్తాడు, ధైర్యం చెబుతాడు, తనను చూసి వాళ్లు భయపడుతున్నారేమోనని కూడా ఆలోచిస్తాడు. రూత్ మనసులో ఏముందన్న ప్రశ్నకు మాత్రం అతను వేసుకున్న ప్రతి జవాబూ తప్పే. చివరికి వేరే లోకపు జీవులు కనిపించినప్పుడు, అతను తుపాకీకి పని చెబితే, రూత్ తననూ కూతురినీ తీసుకుపొమ్మని వాళ్లను బతిమాలుకుంటుంది. పరిచయం లేని గ్రహం ఆమెకు పరిచయమున్న భూమి కంటే ఎక్కువ పరాయిది కాదు.

అంతకు ముందు రూత్ చెప్పే మాట ఒకటి ఉంది. మగవాళ్లు నడిపే ఈ ప్రపంచ యంత్రపు సందుల్లో ఆడవాళ్లు ఒకరొకరుగా, ఇద్దరిద్దరుగా బతుకు ఈడుస్తుంటారన్నది దాని సారం. దాన్ని తెలుగులోకి తెస్తూ ఒక మధ్యాహ్నమంతా కాగితం ముందు కూర్చున్నాను. ‘ఒకరొకరుగా’ అన్నప్పుడు ‘వచ్చింది’, ‘ఇద్దరిద్దరుగా’ అన్నప్పుడు ‘వచ్చారు’. ఇంగ్లీషులో కనిపించని తేడా నా భాషలో క్రియ చివరన నిలబడి ఉంది. రూత్ ఒంటరిగా వెళ్లదు, కూతురిని తీసుకునే వెళుతుంది. ఆ తల్లీకూతుళ్లు ‘వెళ్లిపోయారు’ అని రాసినప్పుడు కలిగిన కదలిక నాకు మూల కథ చదివినప్పుడు కూడా కలగలేదు.

సంపుటిలోని 18 కథలూ ఒక్క స్థాయివి కావు. కొన్నింటిలో ఆ కాలపు అమెరికన్ యాస, అంతరిక్ష పరిభాష ఎంత దట్టంగా ఉంటాయంటే, మొదటిసారి చదువుతున్నప్పుడు నేను పేజీలకు పేజీలు దాటేశాను. వాటి గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు. ‘ద స్క్రూఫ్లై సొల్యూషన్’ మాత్రం రాత్రిపూట ఒంటరిగా చదవవద్దని నా వంటివారికి చెబుతాను. పశువుల పుండ్లలో గుడ్లు పెట్టే ఒక ఈగను నిర్మూలించడానికి శాస్త్రవేత్తలు నిజంగానే ఒక ఉపాయం చేశారు: ప్రయోగశాలలో పెంచిన మగ ఈగలను రేడియేషన్‌తో సంతానశక్తి లేకుండా చేసి లక్షల సంఖ్యలో వదిలారు. ఆడ ఈగ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జత కడుతుంది కనుక ఆ జత వృథా అయిపోయి వంశం అంతరిస్తుంది. 1954లో కురసావ్ దీవిలో ఇది ఫలించింది. ఒక జాతిని చంపాలంటే దాని జత కట్టే గుణాన్ని పట్టుకుంటే చాలునన్న ఆ తర్కాన్నే షెల్డన్ మనుషుల మీదికి తిప్పారు. కథలో మగవాళ్లు ఆడవాళ్లను చంపడం మొదలుపెడతారు, దానికి దేవుడి పేరు చెప్పుకుంటారు. భార్యాభర్తల ఉత్తరాలూ పత్రికా వార్తలే కథను నడుపుతాయి. తనకూ అదే సోకిందని భర్తకు తెలిసే ఘట్టం దగ్గర నేను మూడుసార్లూ పుస్తకం మూసి లేచిపోయాను. మా ఊళ్లో పశువుల పుండ్లకు పురుగు పట్టడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని కాబట్టేమో, ఆ కథలోని శాస్త్రం నాకు పుస్తకపు శాస్త్రంలా అనిపించలేదు.

1976 నాటి ‘హ్యూస్టన్, హ్యూస్టన్, డూ యూ రీడ్?’ విషయంలో నేను రచయిత్రితో విభేదిస్తాను. ముగ్గురు వ్యోమగాములు సౌరజ్వాల దెబ్బకు దారితప్పి మూడువందల ఏళ్ల తరువాతి కాలంలోకి వస్తారు. అప్పటికి ఒక మహమ్మారి వల్ల మగజాతి అంతరించి, మిగిలిన స్త్రీలు తమ ప్రతిరూపాలను తామే కంటూ శాంతిగా బతుకుతూ ఉంటారు. వాళ్లు ఈ ముగ్గురికీ మందు ఇచ్చి, మనసు లోపల ఉన్నది బయట పెట్టించి, తీర్పు చెబుతారు. మగవాడి స్వభావంలోనే హింస ఉంది, అది తీసివేయలేనిది అన్న నమ్మకం మీద ఈ కథ నిలబడింది. శాంతంగా సంసారాలు నడిపిన మగవాళ్ల మధ్య పెరిగినదాన్ని, వాళ్ల కోసమైనా ఆ తీర్పును ఒప్పుకోలేను. మనిషిని నేర్పినదానితో కాక పుట్టుకతో కొలిస్తే, స్త్రీల గురించి వెయ్యేళ్లుగా చేసిన తప్పునే మనమూ చేసినవాళ్లం అవుతాము. అయినా ఈ కథను వదిలేయమని చెప్పను. ఎదురు వాదించడానికి ఇంత బలమైన కథ దొరకడం కష్టం.

షెల్డన్ జీవితపు చివరి ఘట్టం కూడా చదువరి తెలుసుకోవలసినదే. 1987లో ఆమె అనారోగ్యంతో ఉన్న భర్తను కాల్చి తానూ కాల్చుకున్నారు. లింగభేదం గురించి ఆలోచింపజేసే కథలకు 1991 నుంచి ఆమె కలం పేరు మీద ఇస్తున్న పురస్కారం పేరును, ఆ చావు గురించి వచ్చిన అభ్యంతరాల వల్ల 2019లో మార్చారు. అది తెలిసిన తరువాత ఈ కథల్లోని చీకటి నాకు ఇంకొక రంగులో కనిపించింది. కథలు మాత్రం చిన్నవి కాలేదు.

మా ఆడపడుచు ప్రసూతి వార్డులో నర్సు. ఇంగ్లీషు కథలు చదివే తీరిక ఆమెకు లేదు కనుక, అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ రాసిన ‘బ్లడ్‌చైల్డ్’ను ఒక సెలవుపూట చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తెలుగులో చెప్పాను. పరాయి గ్రహం మీద తలదాచుకున్న మనుషుల కథ అది. అక్కడి జీవులు మనుషులకు రక్షణ ఇచ్చి, బదులుగా తమ గుడ్లను మగవాళ్ల శరీరాల్లో పొదిగించుకుంటాయి. ఆడవాళ్లు మనుషుల పిల్లలను కనాలి కనుక ఆ పనికి ఎక్కువగా మగవాళ్లనే ఎంచుకుంటాయి. గాన్ అనే కుర్రాడు తన వంతు రాబోతుండగా ఇంకొక మగవాడి పొట్ట చీల్చి పురుగులను బయటికి తీయడం కళ్లారా చూస్తాడు. ఆమె అసహ్యించుకుంటుందేమోనని నేను ఆ భాగాన్ని తొందరగా చెప్పి దాటాలనుకున్నాను. ఆమె చేతిలోని కాయ పక్కన పెట్టి, “ఆ కుర్రాడికి ముందుగా ఎవులూ చెప్పలేదేటి, వదినా?” అని అడిగింది. చెప్పలేదన్నాను. “మనకి మాత్రం ఎవులు చెప్పినారు?” అంది. కథలో కూడా గాన్ చివరికి అడిగేది అదే: మమ్మల్ని చూడకుండా కాపాడవద్దు, చిన్నప్పుడే చూపించండి అని. నేను ఆ ముక్క ఇంకా చెప్పనేలేదు. 1984 నాటి ఈ కథను చాలామంది బానిసత్వం గురించినదిగా చదివారు. బట్లర్ మాత్రం కాదన్నారు, తన దృష్టిలో ఇది ఒక ప్రేమకథ అనీ, మగవాడు గర్భం మోసే కథ అనీ రాశారు. మా ఆడపడుచు ఆమె పక్షమే.

వీటన్నింటికంటే ముందటి కథ మన దేశంలోనే, అదీ ఒకప్పుడు మాకు రాజధాని అయిన మద్రాసులో అచ్చయింది. బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకూ మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ కథలో మగవాళ్లు ఘోషాలో ఉంటారు, స్త్రీలు సూర్యుడి వేడిని పట్టి నిలవ చేసుకుంటారు, మబ్బుల నుంచి నీళ్లు తోడుకుంటారు, గాలిలో ఎగిరే బండ్లలో తిరుగుతారు. నాకు ఆ యంత్రాల కంటే నచ్చినది ఒక చిన్న ముచ్చట. ముసుగు లేకుండా వీధిలో నడవడానికి సుల్తానా బిడియపడితే, దారిన పోయే ఆడవాళ్లు ఆమెది మగవాళ్ల తీరని నవ్వుతారు. మగవాళ్ల తీరంటే అక్కడ సిగ్గూ పిరికితనమూ అని అర్థం. ‘ఆడపిల్లలా ఏడుస్తావేంరా’ అని మగపిల్లలను మందలించే మన ఇళ్లలో ఈ పేజీ ఒక్కటైనా చదివి వినిపించాలి.

ఇక అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ రాసిన ‘వింటర్స్ కింగ్’. నా తొమ్మిదేళ్లలో ఎక్కువ భాగం దీనికే పోయింది. గెథెన్ అనే మంచు గ్రహం మీద మనుషులకు స్థిరమైన లింగం ఉండదు. నెలలో కొద్ది రోజులు మాత్రమే వాళ్లు ఆడగానో మగగానో మారతారు, మారేది ఏ వైపో ముందుగా తెలియదు. 1969లో ఈ కథ మొదట అచ్చయినప్పుడు రచయిత్రి అందరినీ ‘అతడు’ అనే రాశారు. 1975లో తన సంపుటిలో చేర్చేటప్పుడు ‘రాజు’, ‘ప్రభువు’ వంటి బిరుదులను అలాగే ఉంచి, సర్వనామాలన్నీ ‘ఆమె’గా మార్చారు. నేను రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. కథ అదే, సంఘటనలు అవే. రెండో పాఠంలో మాత్రం ప్రతి పేజీలోనూ చదివేవారి కాలికి ఒక రాయి తగులుతుంది.

నా అనువాదాన్ని మూడు విధాలుగా రాసి చూసుకున్నాను. ‘రాజు వచ్చాడు’ అని రాస్తే మామూలు రాజుల కథ అయిపోయింది. ‘రాజు వచ్చారు’ అన్నది వినసొంపుగా ఉంది, వ్యాకరణానికి ఇబ్బంది లేదు, అందుకే అది సరిపోలేదు. మన గౌరవవాచకం లింగాన్ని దాస్తుంది గాని ప్రశ్నించదు. రాజుకు ‘వచ్చారు’ అనడం మనకు అలవాటే కనుక చదువరి ఎక్కడా ఆగడు. ‘రాజు వచ్చింది’ అని రాసినప్పుడు నా చెయ్యే ఆగింది. లెగ్విన్ ‘ఆమె’ ఇంగ్లీషులో తెచ్చిన తడబాటు కంటే ఇది పెద్దది. ఎందుకంటే ఆ క్రియలో స్త్రీ ఒక్కతే లేదు, దూడా వానా కూడా ఉన్నాయి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన పోరాడారు. ఎవరూ మాట్లాడని ఈ వాక్యాన్ని రాయడానికి నాకు ధైర్యం చాలడానికి రెండేళ్లు పట్టింది.

ఈ కథను పరిచయం చేస్తూ ఒక మాసపత్రికకు వ్యాసం పంపినప్పుడు, అచ్చులో ప్రతి ‘వచ్చింది’ కూడా ‘వచ్చాడు’గా దిద్ది ఉంది. అచ్చుతప్పులనుకుని సరిచేశామని తరువాత చెప్పారు. వ్యాసం దేని గురించో ఆ దిద్దుబాటుతోనే పోయింది. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారు రొకేయా కథతో మొదలుపెట్టి, బట్లర్ చదివి, ఆ తరువాతే టిప్ట్రీ దగ్గరికి వెళ్లాలని నా సలహా. టిప్ట్రీ సంపుటిలోని కథలను వరుసలో చదవనక్కరలేదు, తొందర అసలే వద్దు. నా ప్రతికి రెండు వానాకాలాలు గడిచేసరికి జిగురు ఊడి పేజీలు విడిపోతే, దబ్బనంతో కుట్టుకున్నాను. కుట్టు వెనుక కొన్ని అక్షరాలు దాగిపోయాయి గాని, అవి నాకు వచ్చినవే.

‘వింటర్స్ కింగ్’లో మరచిపోలేని దృశ్యం ఒకటి ఉంది. కాంతివేగానికి దగ్గరగా పోయే నౌకలో వేరే గ్రహానికి వెళ్లి తిరిగివచ్చిన రాజు ఆర్గవెన్‌కు వయసు పెద్దగా మీద పడదు. ఈలోగా సొంత గ్రహంలో దశాబ్దాలు గడిచిపోతాయి. తగలబడుతున్న నగరపు వెలుగులో ఒక పడుచు రాజు, నేల మీద చచ్చిపడి ఉన్న ముసలి రాజు పక్కన నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ముసలి రాజు నిజానికి ఆర్గవెన్ కన్న బిడ్డ. కిందటి నెలలో ఆ వాక్యాన్ని మళ్లీ శుభ్రంగా రాసుకున్నాను: ‘రాజు తన బిడ్డ పక్కన నిలబడి ఉంది.’ ఈసారి ఏ పత్రికకు పంపినా, క్రియలు దిద్దవద్దని ముందే ఉత్తరం రాసి జత చేస్తాను.