కమీషన్ లేని ఇన్వెస్ట్‌మెంట్ యాప్: ఆరేళ్లు వాడాక

నేను చేరినప్పుడు ఈ యాప్‌లో రెండే పేజీలు. ఒకదాంట్లో నా షేర్లు, ఇంకోదాంట్లో వెతుక్కునే పెట్టె. కొన్నా అమ్మినా కమీషన్ సున్నా. ఆరేళ్లయినా ఆ మాట తప్పలేదు. మిగతావే మారిపోయాయి.

మరి వీళ్లకి డబ్బులెలా వస్తున్నాయని రెండో ఏడాది అనుమానమొచ్చి ఛార్జీలు, షరతుల పేజీలన్నీ చదివాను. ఖాతాలో ఊరికే పడున్న నా డబ్బు మీద వడ్డీ వాళ్లది. మార్జిన్ పేరుతో అప్పిస్తే దాని వడ్డీ, ప్రీమియం ప్లాన్‌కి నెలనెలా చందా. వీటితోపాటు, మన ఆర్డర్లను తమ దగ్గరికి పంపినందుకు పెద్ద ట్రేడింగ్ సంస్థలు ఇచ్చే సొమ్ము. అమెరికాలో 2013లో పుట్టిన కమీషన్ లేని ట్రేడింగ్ యాప్ రాబిన్‌హుడ్ పెరిగింది ఎక్కువగా ఈ సొమ్ముతోనే. దాని ధాటికి 2019 అక్టోబరులో చార్లెస్ ష్వాబ్ లాంటి పాతకాపు బ్రోకర్ సంస్థలు కూడా ఆన్‌లైన్‌లో షేర్ల మీద కమీషన్ ఎత్తేశాయి. షేర్లకన్నా ఆప్షన్స్ (షేరుని ముందే అనుకున్న ధరకి తర్వాత కొనే లేదా అమ్మే హక్కులు) ఆర్డర్లకే ఈ సొమ్ము ఎక్కువ ముడుతుంది. నా హోమ్ పేజీలో ఆప్షన్స్ పైకెక్కి, నా షేర్లు కిందికి ఎందుకు జారాయో అప్పుడు అర్థమైంది.

నా తప్పూ ఉంది. కమీషన్ కట్టే రోజుల్లో నెలకి ఒక ఆర్డర్ పెట్టడానికే ఆలోచించేవాణ్ని. ఫ్రీ అనేసరికి, నోటిఫికేషన్ టింగుమన్నప్పుడల్లా వేలు ఆగేది కాదు. ఒక నెలలో 23 ఆర్డర్లు! మార్కెట్‌లో ఒకే క్షణంలో కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఉండే తేడా ప్రతిసారీ కొంచెం కొంచెం కోసేసింది. ఆ కోత ఏ బిల్లులోనూ కనిపించదు.

మార్కెట్ కుప్పకూలిన ఒక రోజు అమ్ముదామని బటన్ నొక్కితే, చక్రం తిరుగుతూనే ఉంది. 40 నిమిషాలు. చాట్‌లో బాట్ "మీ ఇబ్బంది అర్థమైంది" అంటుంది తప్ప మనిషి రాడు. తర్వాతి వారం మెయిల్ వచ్చింది, కొత్త ఖాతాల్లో రికార్డు కొట్టామని. ఒళ్లు మండింది. ఆ రికార్డుకి సరిపడా సర్వర్లు కూడా పెట్టుంటే బావుండేది.

మంచి చెప్పకపోతే తప్పవుతుంది. షేరులో చిన్న ముక్క కూడా కొనుక్కోవచ్చు, పన్ను లెక్కల స్టేట్‌మెంట్ శుభ్రంగా ఇస్తారు, డబ్బు వెనక్కి తీసుకోవడంలో ఎప్పుడూ పేచీ రాలేదు. అందుకే ఖాతా మూయలేదు. నోటిఫికేషన్లు ఆపేశాను. షేర్లు అమ్మిన డబ్బు చేతికందిన రోజే బ్యాంకుకి పంపేస్తున్నాను. అత్యవసరానికి ఇంకో బ్రోకర్ దగ్గర కూడా కొన్ని షేర్లు ఉంచాను, వాళ్లు కమీషన్ తీసుకుంటారు, ఫోన్ చేస్తే మనిషి ఎత్తుతాడు.