అలీషాన్ దారిలో జియాయీ: ఒక రాత్రి ఆగితే బాగుంటుంది

తైవాన్ వెళ్లే మనవాళ్లలో చాలామందికి జియాయీ అంటే అలీషాన్ కొండ రైలు ఎక్కే స్టేషన్, అంతే. ఈ ఊరికి మేయర్‌గా చేసిన డాక్టరమ్మ షూ షిషియెన్ గురించి కాస్త తెలుసుకుని వెళ్తే మాత్రం ఊళ్లో ఒక రాత్రి ఉండాలనిపిస్తుంది.

ఆవిడ 1908లో తైనాన్‌లో పుట్టారు. టోక్యోలో వైద్యం చదివి, 1939లో జపాన్‌లోని క్యుషు ఇంపీరియల్ యూనివర్సిటీ నుంచి మెడికల్ డాక్టరేట్ తెచ్చుకున్నారు. తైవాన్ మహిళల్లో ఆ పట్టా అందుకున్న మొదటి వ్యక్తి ఆవిడే. భర్తా డాక్టరే. తైవాన్‌లో జపాన్ పాలన పోయాక జియాయీ బాలికల హైస్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ తర్వాత ప్రావిన్షియల్ అసెంబ్లీలో ప్రభుత్వాన్ని నిలదీసిన ఐదుగురు మగవాళ్లతో కలిపి ఆవిడకు పడిన పేరు 'ఐదు డ్రాగన్లు, ఒక ఫీనిక్స్'. 1968లో జియాయీ మేయర్ అయ్యారు. 1982లో మళ్లీ గెలిచి, మరుసటి ఏడు పదవిలో ఉండగానే కన్నుమూశారు. తర్వాత ఆవిడ కూతుళ్లలో ఇద్దరు అదే కుర్చీలో కూర్చున్నారు!

ఇంత చరిత్ర ఉన్నా ఊరి నడిబొడ్డున, ఫౌంటెన్ సర్కిల్‌లో కనిపించేది బేస్‌బాల్ పిచర్ వూ మింగ్‌జియే విగ్రహం. 1931లో జపాన్ హైస్కూల్ టోర్నీ ఫైనల్ దాకా వెళ్లిన జట్టు హీరో, కాదనను. అయినా నాకు కొంచెం వెలితిగానే అనిపించింది. ఆవిడ పేరు పెట్టిన షిషియెన్ రోడ్డు ఊరి పడమటి వైపు ఉంది. వెడల్పు రోడ్డు, వాహనాలే వాహనాలు. దానికోసం పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు. చుయియాంగ్ రోడ్డులోని స్కూలు గేటు దాకా నడవడం నయం. లోపలికి వెళ్లాలనుకోకండి, అది నడుస్తున్న బడి.

బస పాత రైల్వే స్టేషన్ దగ్గర చూసుకోండి. హైస్పీడ్ రైలు స్టేషన్ ఊరికి దూరం, అక్కడినుంచి బస్సెక్కాలి. నేను దిగిన చవక హోటల్లో గదికి కిటికీయే లేదు, బుకింగ్ పేజీలో ఆ మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. శుభ్రానికి మాత్రం వంక పెట్టలేను. ఊళ్లో తిరగడానికి యూబైక్ అద్దె సైకిళ్లు చాలు.

ఇక్కడ పేరున్న తిండి టర్కీ కోడి మాంసం చల్లిన అన్నం. కారం ఉండదు, మనకు చప్పగా తోస్తుంది. కానీ చవక, కడుపు నిండుతుంది. శాకాహారులు బోర్డు మీద 素 అక్షరం వెతుక్కోవాలి. ఆ శాకాహార హోటళ్లు చాలావరకు రాత్రి తొందరగా మూసేస్తారు కాబట్టి వెన్‌హువా రోడ్డు నైట్ మార్కెట్‌కు బయల్దేరేముందే తినేయండి.